సున్నపు గీత దాకా

మణికట్టు దాకా చెయ్యి కుండలో ఉండగానే బయట దడి తలుపు కిర్రుమంది. గుప్పిట నిండా జొన్నలున్నాయి. వదిలేస్తే రాలిన చప్పుడు వినపడుతుంది, బయటికి తీస్తే చేతిలో కనపడతాయి. ఏం చెయ్యాలో తోచక అలాగే నిలబడిపోయాను. ఉయ్యాల్లో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. అడుగుల చప్పుడు వసారాలోకి వచ్చేసింది. ఇక లాభం లేదని చెయ్యి లాగి, ఆ గింజలన్నీ ఉయ్యాల గుడ్డలో పిల్ల కాళ్ళ కింద పోసేశాను.

వచ్చింది మా అత్త. పొద్దున్నే కోతకు వెళ్ళిన మనిషి.

"ఏమే, బిడ్డ అట్టా ఏడుస్తంటే రాయి మాదిరి నిలబడ్డావేంది?"

"ఇప్పుడే లేచింది అత్తా. నువ్వేంది అప్పుడే వచ్చావు?"

"కొడవలి మర్చిపోయినా. కొడవలి లేకుండా కోతకి పోయిన దాన్ని ఈ పల్నాడులో నన్నే చూస్తావు." అంటూ ఉయ్యాల దగ్గరికి వచ్చి పిల్లను ఎత్తుకోబోయింది. నేను అడ్డం వెళ్ళి, "నీ చేతులకి మట్టుంది, నేనెత్తుకుంటాలే" అన్నాను. అత్త నా మొహం కేసి చూసింది, నా చేతి కేసి చూసింది. "సరే, నువ్వే ఎత్తుకో" అని, చూరులో కొడవలి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగిందాకా ఆగి, గింజలు ఏరి, తిరగలి ముందు కూర్చున్నాను. గుప్పెడు జొన్నలు విసరటానికి ఎంతసేపు. పిండి జావ కాచి పిల్ల నోట్లో పోస్తే, అది ఏడుపు మధ్యలో ఆపి చప్పరించింది. ఆ చప్పరింపు వింటే నేను చేసింది దొంగతనమన్న సంగతి నాకు గుర్తు కూడా రాలేదు.

ఆ కుండ దేవుడిది. మా పల్లెలో అందరం క్రైస్తవులమే, ప్రతి ఇంట్లో అలాంటి కుండ ఒకటుంటుంది. పొయ్యి మీదికి గింజలు కొలిచిన ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి అందులో వెయ్యాలి. వారమంతా పోగైన గింజలు ఆదివారం గుడికి తీసుకుపోయి గంపలో పోసి రావాలి. గుడి అంటే నాపరాళ్ళు పేర్చి కట్టిన బడే. ఆరు రోజులు పిల్లలకి బడి, ఏడో రోజు మాకు గుడి. వరి పండే ఊళ్ళలో దీన్ని పిడికిటి బియ్యం అంటారు. మాకు బియ్యం ఎక్కడివి, జొన్నలే.

మా అత్త ఆ కుండ మెడ చుట్టూ సున్నంతో గీత గీసింది. శనివారం సాయంత్రానికి గింజలు ఆ గీతకి రావాలి. గుప్పెడు వేసేటప్పుడు రోజూ ఒకటే మాట అనేది. "ఇది నీది తండ్రీ. మిగతాయీ నీయే గానీ, మాకు ఆకలవుతంది." కాపరానికి వచ్చిన కొత్తల్లో ఈ మాట విని నేను కిసుక్కున నవ్వితే, "నవ్వబాకే, ఆయనతో దాపరికమేంది" అంది.

అది యుద్ధం రోజులు. మా ఆయన మిలిటరీలో చేరి, గుంటూరు పోయే రైలెక్కి వెళ్ళేటప్పటికి పిల్ల ఇంకా కడుపులోనే ఉంది. మొదట్లో నెలకొక ఉత్తరం వచ్చేది. ఎక్కడున్నాడో రాయనిచ్చేవాళ్ళు కాదట, బర్మా వైపని ఊళ్ళోవాళ్ళు అనుకునేవాళ్ళు. నేను మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను గనక నేనే కూడబలుక్కుని చదివి అత్తకి వినిపించేదాన్ని. తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి, వాటితో వచ్చే డబ్బూ ఆగిపోయింది. ఇది రాస్తున్న ఈ రోజు దాకా ఆయన సంగతి మాకెవరూ చెప్పలేదు. ఉన్నాడనీ అనలేదు, లేడనీ అనలేదు.

రెండేళ్ళుగా వానల్లేవు. రేషను గింజల కోసం కంట్రోలు కొట్టుకి పోతే సగం రోజులు తలుపేసి ఉండేది. కూలి గింజలే మాకు ఆధారం. నాకు పాలు ఇంకిపోయాయి. పది నెలల పిల్ల ఆరు నెలల దానిలా ఉండేది. ఎత్తుకుంటే చేతిలో బరువు తెలిసేది కాదు. దాన్ని బతికించుకోవాలి, వాళ్ళ నాన్న వచ్చేటప్పటికి దాన్ని ఆయన చేతిలో పెట్టాలి. నాకు ఇంకో ఆలోచన లేదు.

మా అత్త అప్పటికే మధ్యాహ్నం బువ్వ మానేసింది. "నా కొడుకు వచ్చిందాకా ఒంటిపూట ఉపవాసం. నా వంతు పొయ్యి మీదికి రావద్దు" అంది. గింజలు ఆమే కొలిచేది, నేను వండేదాన్ని. ఆమె వంతు గింజల బానలోనే మిగులుతోందని నేను అనుకున్నాను. ఉపవాసం ఆమె మొక్కు, నేనెందుకు అడ్డం చెప్పటం.

కుండలో చెయ్యి పెట్టిన ఆ వారం శనివారం నాకు ముద్ద దిగలేదు. ఆ రోజుకి నాలుగుసార్లు తీశాను. పొద్దున లేస్తే ఆదివారం, అత్త కుండ నెత్తిన పెట్టుకునేటప్పుడు గీత చూస్తుంది. కాళ్ళ మీద పడి చెప్పేద్దామని ఒకసారి, పిల్ల కుండని తన్నిందని అబద్ధమాడదామని ఒకసారి అనుకున్నాను. సాయంత్రం అత్త బావికి వెళ్ళినప్పుడు మెల్లగా మూత తీశాను.

గింజలు గీత దాకా ఉన్నాయి.

మళ్ళీ చూశాను. కుండని వెలుతురులోకి జరిపి చూశాను. ఒక్క గింజ తక్కువ లేదు.

అంతకు ముందు ఆదివారమే, మా గుడిలో వాక్యం చెప్పే బడి పంతులుగారు బైబిల్లోని సారెపతు ఊరి విధవరాలి కథ చెప్పాడు. కరువులో ఆమె దగ్గర గుప్పెడు పిండి మిగిలి ఉంటే, కొడుకూ తనూ అది తిని చచ్చిపోదామనుకుంటుంటే, ప్రవక్త వచ్చి ముందు నాకు పెట్టమన్నాడు. పెట్టింది. ఆ తర్వాత ఎంత తీసినా తొట్టిలో పిండి తరగలేదు. ఆ కథ విన్న వారానికే మా ఇంట్లో ఇలా జరిగితే నేనేమనుకుంటాను? కుండ ముందు మోకాళ్ళ మీద పడి ఏడ్చాను. దొంగతనం చేసినదాన్ని కొట్టకుండా, నా పిల్ల కోసం ఆయనే తెచ్చి పోశాడని ఏడ్చాను.

ఆ రోజు నుంచి భయం పోయింది. తర్వాత వారం ఆరుసార్లు తీశాను. శనివారానికి గీత దాకా ఉన్నాయి.

నా నోట్లో మాట దాగదు. అత్తకి చెప్పటానికి ధైర్యం లేదు గానీ పక్కింటి వదినకి చెప్పేశాను. వరసకి వదిన, మొగుడు పోయి రెండేళ్ళయింది, ఇద్దరు పిల్లలు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య నడుమెత్తు నాపరాళ్ళ గోడ. దాని మీద మోచేతులాన్చి నేను చెప్పిందంతా విని, వదిన నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది.

"దేవుడికేం పనిలేదా, మీ ఇంటికి జొన్నలు మోస్తన్నాడా?"

"నవ్వబాకు వదినా. నా కళ్ళతో చూశా."

"మోసేవాడు ఈ గోడ కూడా దాటొచ్చుగా. మా ఇల్లు కనపడలా ఆయనకి?"

నవ్వుతూనే అంది. కానీ ఆ మాట అన్నాక నవ్వు ఆగిపోయింది, వెనక్కి తిరిగి తన పిల్లల కేసి చూసింది. వాళ్ళు చింతగింజలు వేయించుకుని నముల్తున్నారు.

నాకు మనసు ఆగదు, అదీ నా జబ్బే. లోపలికి వెళ్ళి కుండలో నుంచి రెండు గుప్పిళ్ళు తెచ్చి గోడ మీదుగా ఆమె కొంగులో పోశాను. "రేపు కూడా రా" అన్నాను. తరగని కుండ ఇంట్లో పెట్టుకుని పిసినారితనం చేస్తే దేవుడికి కోపమొస్తుందని నా లెక్క. వదిన రోజూ వచ్చేది. అత్త పనికి వెళ్ళాక మా తిరగలి చప్పుడు ఆగేదాకా చూసి, తను కూలికి పోయేముందు గోడ దగ్గరికి వచ్చి నిలబడేది.

ఆ వారంలో ఒక రోజు అత్త పొద్దుట్నించి రాత్రి దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పిలిస్తే పలకలేదు. కొడుకు మీద దిగులనుకుని నేనూ ఊరుకున్నాను. మర్నాటికి మామూలైపోయింది. అప్పుడే రాత్రి ముద్ద కూడా సగానికి తగ్గించింది. "అరగట్లా" అంది. ఆమె రవికె చేతులు వదులైపోయాయి. కూచుని లేచేటప్పుడు గోడ పట్టుకునేది. నేను అవన్నీ చూశాను. చూసి, ముసలితనం అనుకున్నాను. ఆమెకి యాభై కూడా లేవు.

ఆ శనివారం కూడా గింజలు గీత దాకా వచ్చాయి.

మిరపకాయ కోతలు నడుస్తున్నప్పుడు ఒక మిట్టమధ్యాహ్నం ఆమెను ఇద్దరు ఆడవాళ్ళు చెరో చంకకింద చెయ్యేసి తెచ్చారు. తోటలో సాలు మధ్యలో కూలబడిపోయిందట. ఒళ్ళు కాలిపోతోంది. మంచం వాల్చి పడుకోబెట్టాను. పెద్ద ఊరి ఆసుపత్రికి బండి కట్టిస్తానంటే వద్దంది. "ఎండదెబ్బ. రెండు రోజులు పడుకుంటే అదే పోద్ది. బండెవడిస్తాడు నీకు, మీ నాన్నా?" అని ఎగతాళి చేసింది.

నేను గింజలు కొలవటం ఆ రోజే మొదలు. పొయ్యి మీదికి తీసినప్పుడల్లా ఒక గుప్పెడు దేవుడి కుండలో వేశాను. పిల్లకి జావకి తీశాను. వదినకి తీశాను. మూడో రోజు చెయ్యి పెడితే వేళ్ళకి కుండ అడుగు తగిలింది.

మొదట నాకు అర్థం కాలేదు. నా పాపానికి దేవుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడనుకున్నాను. తర్వాత బానలో చూశాను. అత్త మానేసిన పూటలన్నీ కలిపితే అక్కడ బోలెడు మిగలాలి. బాన కూడా ఖాళీయే. ఆ రెండు పాత్రల మధ్య నిలబడి ఎంతసేపు ఆలోచించానో తెలియదు. పిల్ల పాక్కుంటూ వచ్చి నా చీర పట్టుకు లాగింది. అది పాకుతోంది. నెల కిందట కూచోబెడితే ఒరిగిపోయే పిల్ల పాకుతోంది.

వెళ్ళి మంచం పక్కన కూచున్నాను. అత్త కళ్ళు తెరిచే ఉంది.

"అత్తా, కుండ నిండట్లా."

"నేను లేస్తేగా నిండేది" అంది.

"నువ్వే పోశావా?"

"మరెవురు పోస్తారు, కలెక్టరా?"

"నేను తీస్తన్నానని తెలుసా నీకు?"

"కొడవలి కోసం వచ్చిన రోజే తెలుసు. నీ మణికట్టుకి చెమటకి రెండు గింజలు అంటుకోనుండాయి. బిడ్డ కాళ్ళ కింద పోశావు గదే, గుచ్చుకోవూ?"

"అడిగితే నేనే చెప్పేదాన్ని గదా. నీ నోటికాడ ముద్ద అందులో పొయ్యటమేంది?"

"నా పళ్ళెంలోది నీకు పెడితే తింటావా, నీ బిడ్డకి పెడతావా? నాతో కొట్లాడేదానివి. దేవుడి దగ్గరైతే సిగ్గు లేకుండా తీస్తివి." నవ్వబోయింది, దగ్గు వచ్చింది. నీళ్ళు తాగించాను. కొంచెం తేరుకుని, "పక్కింటిదానికి కూడా పెడుతున్నావు గదా" అంది.

నేను నీళ్ళ చెంబు మంచం కిందికి జరిపాను.

"రోజుకి రెండు గుప్పిళ్ళు ఎక్కువ పోతంటే తెలవదా? ఆ రోజు చానా కోపమొచ్చింది నీ మీద. నోరు తెరిస్తే తిడతానని పొద్దుగూకిందాకా మాట్లాడలా."

"తిట్టాల్సింది."

"తిడితే మానేస్తావు. దాని పిల్లలు చింతగింజలు నముల్తంటే నేనూ చూశా. నేను పెట్టలేకపోయినా. నువ్వు పెట్టావు. ఇంక తిట్టేదేంది?"

నాలో కోపం ఆమె మీదది కాదు. "ఆ విధవరాలి తొట్టిలో ఆయనే పిండి పోశాడు గదా" అన్నాను. "మనకి మాత్రం నీ ముద్ద తీసి పోస్తాడా? ఇదేం నింపటం? నేను ఆయనే పోశాడనుకోని మోకాళ్ళేశాను అత్తా. నిన్ను తింటన్నానని తెలవక మోకాళ్ళేశాను."

పిల్ల మంచం కోడు పట్టుకుని నిలబడటానికి చూస్తోంది. అత్త దాని కేసి చూస్తూ, "ఆయనే పోశాడు లేవే" అంది. "ఈ చెయ్యి నేను చేసుకున్నానా? నాకూ ఆకలేసేది. కుండ దాకా పోయి వెనక్కి వచ్చిన రోజులుండాయి. మళ్ళీ పోయి వేశానంటే అది నా వల్ల అయ్యే పనేనా?"

ఆ మాటకి నేను ఒప్పుకున్నానని చెప్పలేను. ఇప్పటికీ కొన్నాళ్ళు ఒప్పుకుంటాను, కొన్నాళ్ళు ఒప్పుకోను. అప్పుడు మాత్రం లేచి వెళ్ళి, కుండ అడుగున చేతికి దొరికిన నాలుగు గింజలు విసిరి, గంజి కాచి తెచ్చి ఆమె నోటికి పెట్టాను. రెండు చెంచాలు తాగి పెదాలు మూసేసుకుంది. కావాలని కాదు, దిగలేదు. అంతకాలం ఎండబెట్టిన కడుపు ఇంక పుచ్చుకోలేదు.

గురువారం పొద్దున పోయింది. చివరి మాట నా గురించి కాదు, కొడుకు గురించీ కాదు. పిల్ల పాకుతూ వెళ్ళి దేవుడి కుండ మూత లాగితే, "దాన్ని పట్టుకోవే, పగలగొట్టుద్ది" అంది. నేను పిల్లని ఎత్తుకుని తిరిగి వచ్చేటప్పటికి ఊపిరి లేదు.

మధ్యాహ్నానికి సమాధుల దొడ్డికి మోసుకుపోయారు. పెట్టె చేయించే స్తోమత లేక చాపలో చుట్టాం. ఎంత తేలిగ్గా ఉందంటే, మోసేవాళ్ళు నలుగురూ భుజం మార్చుకోలేదు. కొడుకు వెయ్యాల్సిన మట్టి పిల్ల చేత వేయించాను. అది మట్టిని నోట్లో పెట్టుకోబోతే చెయ్యి పట్టుకుని వేయించాను. పంతులుగారు ప్రార్థనలో, ఈ తల్లి ఉపవాసం దేవుడు చూశాడని అన్నాడు. ఏం ఉపవాసమో ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు. నోట్లో మాట దాగని నేను ఆ ఒక్క మాటా ఆయన దగ్గర దాచాను.

వదినకి మాత్రం చెప్పాను. తిరిగొచ్చేటప్పుడు దారిలో నా పక్కన నడుస్తుంటే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆమె నడక ఆపేసింది.

"ఆ గింజలు మీ అత్తవా?"

నేను తలూపాను.

"దేవుడివని తిన్నా మరదలా. నా పిల్లలకి దేవుడిచ్చాడని చెప్పి పెట్టా." దారిలోనే కూచుని రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. "ఆమె మిరప తోటలో నా పక్క సాలులోనే కోసేది. కళ్ళు తిరుగుతున్నాయంటే నీళ్ళు తాగు అత్తా అన్నా. తిన్నావా అని అడగలా."

లేపితే లేచింది. గోడ దగ్గరికి వచ్చాక తన ఇంటి వైపు తిరిగి, "ఇంక నీ దగ్గరికి రాను" అంది. "ఇస్తే తీసుకోను. ఇవ్వబాకు."

ఆ సాయంత్రం వాళ్ళ పొయ్యిలో నుంచి పొగ రాలేదు. నేను ఇటు నుంచి చూస్తూ కూచున్నాను.

మర్నాడు పొద్దున లేచి పొయ్యి ఊడ్చాను. పల్లెలో వాళ్ళు తెచ్చిపోసిన గింజలు చేటలో కొద్దిగా ఉన్నాయి. పిల్లకి ఒక గుప్పెడు పక్కన పెట్టాను. ఒక గుప్పెడు దేవుడి కుండలో వేస్తూ అత్త అన్నట్టే అనబోయాను. "ఇది నీది తండ్రీ" దాకా వచ్చింది, మిగతాది రాలేదు. నా మధ్యాహ్నపు వంతు కూడా తీసి అందులోనే వేశాను. అత్త గుప్పెడు నా గుప్పెడు కంటే పెద్దది, అందుకని ఇంకో నాలుగు గింజలు వేశాను.

వదిన గోడ పక్కగా నీళ్ళకి వెళ్ళే వేళ అయింది. కుండ మోసుకెళ్ళి రెండిళ్ళ మధ్య గోడ మీద పెట్టి, మూత తీసి పక్కన ఉంచాను. లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, వీపు గోడ వైపు పెట్టి తిరగలి ముందు కూచున్నాను. పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకున్నాను. గింజలు లేకుండా తిప్పితే రాయి మీద రాయి గీరుకుంటుంది, ఆ చప్పుడు వదినకి తెలియకపోదు. తెలియాలనే, నేనిటు తిరిగి ఉన్నానని ఆమె వినాలనే, ఆ వట్టి తిరగలిని చాలాసేపు తిప్పాను.